విశాఖ కొండల్లో ఎలుకలు, చుంచులు పట్టే ఫీల్డ్‌వర్క్: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం దగ్గర పడుతుంటే జువాలజీ విద్యార్థులు, సరదాగా చేరే వాలంటీర్లు, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలివి. జంతువుల్ని ప్రాణాలతో పట్టి, కొలిచి, వదిలేసే పని ఇది. జవాబులన్నీ ఒకే పొడవున లేవు. చుంచుల గురించి, పొద్దున్నే బోన్లు చూడటం గురించి ఎక్కువ రాశాను. ఈ పనిలో జంతువులు చచ్చేది ఎక్కువగా అక్కడే.

చిన్న క్షీరదాలంటే ఎలుకలేనా?

ఎక్కువ భాగం ఎలుకలే. వాటితో పాటు చుంచులు, ఉడుతలు, ఉడుతలా కనిపించే ట్రీ ష్రూలు కూడా వస్తాయి. చుంచు చూడటానికి ఎలుకలా ఉంటుంది గానీ దానికి దీనికి చుట్టరికం లేదు. పొడవాటి ముక్కు, సూదుల్లాంటి పళ్లు, పురుగుల తిండి. గబ్బిలాలు ఈ పేజీలోకి రావు. వాటికి వలలు కావాలి, వేరే శిక్షణ కావాలి.

మా వీధి కాలవలోనే బోలెడు ఎలుకలున్నాయి. అనంతగిరి దాకా ఎందుకు?

మీ కాలవలో ఉన్నది పందికొక్కు, కాకపోతే ఇంటి ఎలుక. అడవిలో ఉండేవాళ్లు వేరు. తోకలో చివరి సగం తెల్లగా ఉండే బ్లాన్‌ఫర్డ్ ఎలుక రాతి గుట్టల్లోనూ చెట్ల తొర్రల్లోనూ ఉంటుంది. ఒంటి కంటే తోకే పొడవుండే చెట్టు చిట్టెలుక వాండెల్యూరియా కొమ్మల మీదే తిరుగుతుంది. దాని కాలు ఒక్కసారి దగ్గరగా చూడండి. మొదటి వేలికీ చివరి వేలికీ వాడి గోరు ఉండదు, మన గోరులాంటి చదునైన బిళ్ల ఉంటుంది. సన్నని పుల్లని పట్టుకోవడానికి ఆ ఏర్పాటు. బొచ్చులో చదునైన ముళ్లుండే మస్ ప్లాటిథ్రిక్స్ చిట్టెలుక తన బొరియ మూతి దగ్గర గులకరాళ్లు పేరుస్తుంది. గడ్డిలో సొరంగాల్లా దారులు చేసుకునే గోలుండా ఎలుకకు సింహళంలో ఒకప్పుడు కాఫీ ఎలుక అని పేరు, అక్కడి తోటల్ని అంతగా కొరికేసింది మరి. అరకు కాఫీ తోటల అంచున గడ్డి ఉన్నచోట దాని కోసం చూడటం దండగ కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. తూర్పు కనుమల్లో పక్షుల మీద, పెద్ద జంతువుల మీద జరిగినంత పని చిన్న క్షీరదాల మీద జరగలేదు. 1930 ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెర్నే సర్వే పేరుతో అనంతగిరి, సుంకరమెట్ట, లంబసింగి వైపు తిరిగి నమూనాలు సేకరించారు. అంతకు ముందు సర్ వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు సివిల్ అధికారి ఉత్తర సర్కారుల్లో పనిచేస్తూనే జంతువుల్ని పోగుచేశాడు. మద్రాస్ ట్రీ ష్రూకీ, పైన చెప్పిన గోలుండాకీ శాస్త్రీయ నామాల్లో ఉన్నది ఆయన పేరే. ఆ తర్వాత అడవి ఎంత మారిందో మనకు తెలుసు. ఎలుకలు ఎంత మారాయో తెలియాలంటే బోను పెట్టాల్సిందే.

ఎలుకని పట్టడానికి కూడా పర్మిషన్ కావాలా?

కావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఉచ్చు వేయడం, పట్టుకోవడం కూడా వేట కిందకే వస్తాయి. ఎలుకలు హానికర జంతువుల జాబితాలో ఉన్నాయి కదా అని ఇప్పటికీ కొందరు సీనియర్లు చెబుతుంటారు. అది ఈ చట్టంలోని పాత ఐదో షెడ్యూల్ మాట. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, ఆ పాత జాబితా పోయింది. పైగా మీరు ఎలుక కోసం పెట్టిన బోనులోకి ఏది వస్తుందో మీ చేతిలో లేదు.

పరిశోధన కోసం పట్టుకోవడానికి చట్టంలోని 12వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో అడుగుపెట్టి పని చేయాలంటే 28వ సెక్షన్ కింద అది వేరే. దరఖాస్తు మీ యూనివర్సిటీ ద్వారా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి వెళ్లాలి, కింద అటవీ అధికారి డీఎఫ్‌ఓకి, రేంజ్ ఆఫీసర్‌కి కాపీలు చేరాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అరకు, పాడేరు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పాత లెటర్ మీద విశాఖపట్నం జిల్లా అని ఉంటే కొత్తగా రాయించుకోండి. కాఫీ తోట అటవీ అభివృద్ధి సంస్థదైతే వాళ్లనీ అడగాలి. సింహాచలం కొండైతే ఆ భూమి దేవస్థానానిదా అటవీ శాఖదా అన్నది ముందు తేల్చుకోండి. వీటితో పాటు కాలేజీ జంతు నైతిక కమిటీ ఆమోదం. ఈ కాగితాలకు నెలలు పడుతుంది. నవంబర్‌లో పనుంటే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.

ఏ రకం బోను కొనాలి?

అడవి పనికి ఎక్కువగా వాడేది షెర్మన్ బోను. మడతపడే అల్యూమినియం పెట్టె, మామూలు సైజు 3 అంగుళాల వెడల్పు, మూడున్నర ఎత్తు, 9 పొడవు. లోపల ఒక తొక్కుడు పలక ఉంటుంది, జంతువు దాని మీద కాలు వేయగానే తలుపు పడుతుంది. మడిచి గోతాంలో వేస్తే ఒక మనిషి చాలా మోయగలడు, కొండెక్కేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఖరీదు మాత్రం ఎక్కువ.

పూర్ణా మార్కెట్లో దొరికే తీగ బోన్లు పెద్ద ఎలుకలకి పనికొస్తాయి. చిట్టెలుకలు సందుల్లోంచి దూరిపోతాయి. వానకీ చలికీ లోపలున్న జంతువుకి అడ్డం ఉండదు కాబట్టి పైన ఆకులు గానీ గోనెపట్టా గానీ కప్పాలి. తలుపు అంచుల్లో తీగ మొనలు పైకి లేచి ఉంటే కొన్న రోజే పటకారుతో వంచేయండి, జంతువు మూతి చీరుకుపోయేది అక్కడే. జిగురు అట్టలు, నడుం విరిచే బోన్లు తీసుకొస్తే మాత్రం ఇంటికి పంపించేస్తాం.

ఎర ఏం పెట్టాలి?

వేయించిన వేరుశనగ పప్పు కచ్చాపచ్చాగా దంచి ఓట్స్‌తో కలిపి ఉండ చేయండి. బజార్లో దొరికే పీనట్ బటర్ కూడా పర్వాలేదు, తీపి లేనిది చూసుకోవాలి. నిప్పుల మీద కాల్చిన కొబ్బరి ముక్క మరీ మంచిది, వాసన దూరం పోతుంది, తొందరగా పాడవదు. బెల్లం, అరటిపండు వద్దు, చీమలకి పిలిచి విందు పెట్టినట్టే. ఎండు చేప చుంచులకి ఇష్టం, కానీ కుక్కలకీ నక్కలకీ కూడా ఇష్టమే. ఊరికి దగ్గరైతే మానేయండి. ప్రతి బోనులో ఒక దోసకాయ ముక్క వేస్తే లోపలున్నదానికి దాహం తీరుతుంది.

ఎన్ని బోన్లు పెట్టాలి? ఎలా పెట్టాలి?

సూర్యుడు ఎక్కకముందే చూసి రాగలిగినన్ని. పుస్తకాల్లో ఏడు వరసలు, వరసకి ఏడు, మధ్య 10 మీటర్ల దూరం అని ఉంటుంది. అంటే 49 బోన్లు. ఒక బోను ఒక రాత్రి పెడితే ఒక ట్రాప్ నైట్, నాలుగు రాత్రులు పెడితే 196 ట్రాప్ నైట్లు. చదును నేల మీద బాగానే ఉంటుంది. గాలికొండ వాలు మీద అదే గ్రిడ్ వేస్తే ఒక్కో వరస ఎక్కి దిగడానికే ఊపిరి ఆడదు. ఇద్దరు మనుషులకి 30 చాలు. వాలు మరీ ఎక్కువైతే గ్రిడ్ వదిలేసి ఒకే ఎత్తులో వరసగా వేయండి.

పది మీటర్లకి టేపు పట్టి సరిగ్గా ఆ చుక్క మీదే బోను పెట్టాలని పట్టుపట్టకండి. ఆ చుక్కకి అటూ ఇటూ మీటరు లోపల పడిపోయిన దుంగ, రాతి సందు, చెట్టు వేరు ఉంటే దాని పక్కన ఆనించి పెట్టండి. ఎలుక ఖాళీ నేల మీద నడవదు, గోడ పట్టుకుని నడిచినట్టు దేన్నో ఒకదాన్ని ఆనుకుని పోతుంది. వాండెల్యూరియా కావాలంటే కొన్ని బోన్లని కొమ్మలకి, తీగలకి తాడుతో కదలకుండా కట్టాలి. బోను ఊగితే ఏదీ ఎక్కదు. ప్రతి బోనుకీ నంబరు, తలెత్తితే కనిపించే ఎత్తులో రంగు రిబ్బను. చివరి రోజు లెక్క ఒకటి తగ్గితే అది దొరికేదాకా ఎవరూ బస్సెక్కరు. మరిచిపోయిన బోనులో ఏదో ఒకటి ఆకలితో చస్తుంది.

మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, ఎర మాత్రం పెట్టి వదిలేస్తే జంతువులకి భయం పోతుంది. టైముంటే తప్పక చేయండి.

ఏ నెలలు మంచివి?

నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబర్ తుపాన్ల నెల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద కొండచరియల భయం, అడవిలో జ్వరాల భయం. చైత్రంలో ఏజెన్సీ ఊళ్లలో ఇటుకల పండగ, మగవాళ్లంతా వేటకి వెళ్లే రోజులు. అప్పుడు మీ బోన్లకీ మీకూ అక్కడ పని లేదు.

నెలలో పౌర్ణమి రాత్రులు వదిలేస్తే మంచిది. వెన్నెల్లో గుడ్లగూబకి దొరికిపోతామని ఎలుకలు పొదలు దాటి రావు.

పొద్దున్న ఎన్నింటికి చూడాలి?

వెలుగు రాగానే మొదలుపెట్టి, ఎండ తగలకముందే అయిపోవాలి. అల్యూమినియం పెట్టె ఎండలో ఎంత త్వరగా కాలుతుందో చెయ్యి పెట్టి చూడండి. పగలంతా బోన్లు మూసి ఉంచి సాయంత్రం మళ్లీ తెరవాలి. ఉడుతల కోసమో, పగటి పూట తిరిగే ట్రీ ష్రూ కోసమో పగలు తెరిచి ఉంచితే నీడలో మాత్రమే పెట్టి, రెండు గంటలకోసారి చూడాలి.

చలి ఇంకో శత్రువు. డిసెంబర్, జనవరుల్లో లంబసింగి, చింతపల్లి వైపు తెల్లవారుజామున మంచు పేరుకునేంత చలి ఉంటుంది. ఆ చలిలో లోహపు పెట్టె ఫ్రిజ్ అయిపోతుంది. 15 గ్రాముల జంతువుకి ఒంటి వేడి నిలవదు. ప్రతి బోనులో గుప్పెడు ఎండు గడ్డి, దాంతో పాటు నీళ్లు పీల్చని దూది పెట్టండి. మెడికల్ షాపులో మామూలు దూది ఇస్తారు, అది తడిసి ఇంకా చల్లబడుతుంది, దిండుల్లో కూరే పాలిస్టర్ దూది అడగండి. బోను వెనక భాగం కాస్త ఎత్తుగా పెడితే మంచు నీరు లోపల నిలవదు.

అర్ధరాత్రి కూడా చూడాలని ఎందుకంటారు?

చుంచుల వల్ల. మామూలు ఇంటి చుంచు అయినా కొన్ని గంటలు తిండి లేకపోతే నీరసించిపోతుంది. ఎట్రస్కన్ చుంచు బరువు సుమారు 2 గ్రాములు, బరువులో ప్రపంచంలోకెల్లా చిన్న క్షీరదాల్లో అదొకటి. వాటి ఒళ్లు ఎంత వేగంగా ఖర్చు పెడుతుందంటే తిండి మానడమే చావు. ఎలుకకి రాత్రంతా బోనులో ఉండటం ఇబ్బంది, చుంచుకి ప్రాణగండం.

అందుకే చుంచులున్న చోట రాత్రి 9కి ఒకసారి, ఒంటి గంటకి ఒకసారి, తెల్లవారగానే ఒకసారి చూడాలి. చుంచు పడే అవకాశం ఉంటే ఎర దగ్గర కొన్ని మీల్‌వార్మ్ పురుగులు గానీ గుప్పెడు చెదపురుగులు గానీ వేయండి. బోను తెరిచినప్పుడు చుంచు కదలకుండా పక్కకి ఒరిగి ఉందనుకోండి, వెంటనే చచ్చిందని తీర్మానించకండి. అరచేతిలో పెట్టి మూసి వేడి తగలనివ్వండి, పుల్ల చివరతో ఒక చుక్క పంచదార నీళ్లు మూతికి ఆనించండి. మీసాలు కదిలితే ఒక పురుగు ముందు పెట్టండి. తినడం మొదలుపెడితే కొలతలూ వద్దు, ఫోటోలూ వద్దు, పట్టిన చోటే ఆకుల కింద వదిలేయండి. డేటా షీట్లో చుంచు, బోను నంబరు, వదిలాం అని రాస్తే చాలు.

చుంచుల కోసం నేలలో బకెట్లు పాతి, మధ్యలో పొట్టి ప్లాస్టిక్ కంచె కట్టే పద్ధతి కూడా ఉంది, షెర్మన్ బోనుకి పడని తేలికపాటివి అందులో పడతాయి. బకెట్ అడుగున చిల్లులు, లోపల ఆకులు, వాన సూచన ఉంటే మూత. ఇవి లేకుండా బకెట్ పాతితే అది బావి.

చీమలు పట్టేస్తే?

బోను మార్చండి. బోను పెట్టే ముందు ఆ చోటు కర్రతో గెలికి చూసి, చీమల బారు కనిపిస్తే రెండడుగులు జరగండి. ఎర నేల మీద రాలకూడదు. పురుగుల మందు చల్లడం మాత్రం వద్దే వద్దు. కదలలేని జంతువుని చీమలు తెల్లారేసరికి కళ్ల దగ్గర నుంచి మొదలుపెడతాయి. చూస్తే ఆ పూట టిఫిన్ దిగదు.

పడిందాన్ని బయటికి ఎలా తీయాలి?

బోనుని చేత్తో ఎత్తితే బరువు మారుతూ అటూ ఇటూ కదలడం తెలుస్తుంది. తలుపు తెరిచి తొంగి చూడకండి. పొడవాటి బట్ట సంచి మూతిని తలుపు వైపు బోను చుట్టూ బిగించి, సంచిలో చెయ్యి పెట్టకుండా బట్ట పైనుంచే తలుపు లోపలికి నెట్టి పట్టుకోండి. బోనుని నిలువుగా వంచి రెండుసార్లు తట్టండి. దూదితో సహా జంతువు సంచిలోకి జారుతుంది. వెంటనే బోను పక్కన సంచిని పిడికిటితో మెలిపెట్టండి. ఇప్పుడు స్ప్రింగ్ త్రాసుకి తగిలించి బరువు చూసుకోవచ్చు, తర్వాత ఖాళీ సంచి బరువు తీసేయాలి.

సంచిలోనే దాన్ని ఒక మూలకి తోసి, బట్ట మీదనుంచే తల ఎక్కడుందో తడిమి, మెడ వెనక వదులు చర్మం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. తర్వాత సంచి వెనక్కి మడవండి. తోక పట్టి వేలాడదీయకండి, కొన్ని ఎలుకల తోక తోలు ఊడి చేతికొచ్చేస్తుంది. తల నుంచి తోక మొదలు దాకా, తోక, వెనక పాదం, చెవి, ఈ నాలుగు కొలతలు చాలు. పొట్ట నిండుగా ఉన్నదైనా పాలిచ్చేదైనా బరువు చూసి వదిలేయండి. బొరియలో పిల్లలు ఎదురుచూస్తుంటాయి. చేతిలో మొత్తం రెండు మూడు నిమిషాలు దాటకూడదు.

మళ్లీ పడితే అదే అని ఎలా తెలుస్తుంది?

రెండు మూడు రాత్రుల పనికి తుంటి మీద చిన్న కత్తెరతో బొచ్చు కత్తిరిస్తే సరిపోతుంది. నెలల పనికి చెవి ట్యాగు. వేళ్లు కత్తిరించే పాత పద్ధతి మా దగ్గర లేదు.

ఈ గుర్తుల లెక్కే జనాభా అంచనా. మొదటి రాత్రి 20 పట్టి గుర్తు పెట్టి వదిలారు. తర్వాత రాత్రి 15 పడ్డాయి, అందులో 5 గుర్తున్నవి. 20ని 15తో గుణించి 5తో భాగిస్తే 60. ఇది లింకన్-పీటర్సన్ లెక్క. కొత్తగా వచ్చినవాళ్లు ఈ 60 చూసి సంబరపడతారు. కానీ ఒకసారి ఎర రుచి మరిగిన ఎలుక రోజూ వస్తుంది, ఒకసారి బెదిరింది మళ్లీ రాదు. రెండూ లెక్కని చెడగొడతాయి. తక్కువ సంఖ్యలు వచ్చినప్పుడు 100 ట్రాప్ నైట్లకి ఎన్ని పడ్డాయన్నదే రాయండి. అడవిలో అది మూడో నాలుగో ఉంటే నిరాశ పడాల్సిన పని లేదు.

బోనులో పాము ఉంటే?

బోను తలుపు పూర్తిగా మూసుకోకుండా ఏదో అడ్డుపడినట్టున్నా, లోపల బరువుండి చప్పుడు లేకపోయినా చేత్తో ముట్టుకోకండి. పొడవాటి కర్రతో తలుపు నెట్టి దూరంగా నిలబడండి. ఎలుక వాసనకి పాము రావడం మామూలే. బోను పెట్టేటప్పుడు కూడా రాతి సందులో చెయ్యి పెట్టకండి. దగ్గర్లో పాము కాటు మందు ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉందో, అక్కడికి ఎంతసేపు పడుతుందో మొదటిరోజే కనుక్కోండి.

జబ్బులేమైనా వస్తాయా? మా అమ్మకి టెన్షన్.

అమ్మ టెన్షన్‌లో న్యాయం ఉంది. మొదటిది స్క్రబ్ టైఫస్. ఎలుకల మీద, పొదల్లో ఉండే మైట్లు అనే సన్నటి పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన పది రోజుల అటూ ఇటూగా జ్వరం, తలనొప్పి, కొందరికి చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది లెప్టోస్పైరోసిస్, ఎలుక మూత్రం తగిలిన నీటి వల్ల. ఏజెన్సీలో మలేరియా ఎలాగూ ఉంది.

పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవడం, గడ్డిలో కూర్చోకపోవడం, తిరిగి రాగానే స్నానం, ఆ బట్టలు వేడి నీళ్లలో ఉతకడం, దోమతెర. చేతికి గ్లవ్స్, సంచులు దులిపేటప్పుడు ముక్కుకి మాస్క్. చుంచులకీ ఇవే జాగ్రత్తలు. తోట్టపాళయం వైరస్ అనే హంటావైరస్‌ని మొదట 1964లో వేలూరు దగ్గర పట్టిన ఇంటి చుంచులోనే కనుక్కున్నారు.

ఊరొచ్చిన మూడు వారాల్లో జ్వరం వస్తే, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్లినా, మొదటి మాటగా అడవిలో ఎలుకలు పట్టానని చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు.

కరిస్తే?

రక్తం పిండకండి. సబ్బుతో ధారకింద పావుగంట కడగండి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి, అదే రోజు డాక్టరుకి చూపించండి. రేబిస్ టీకా అవసరమా కాదా అన్నది ఆయన చెబుతారు, వాట్సాప్ గ్రూపు కాదు.

ఊరివాళ్లు ఏమీ అనరా?

అడగకుండా వెళ్తే అంటారు, అనాలి కూడా. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ మాటకి విలువ ఉంది. పర్మిషన్ లెటర్ చేతిలో ఉన్నా ముందు ఊరి పెద్దల్ని కలిసి, ఏ పొదల్లో ఎన్ని రోజులు పెడతారో చెప్పండి. ఆ పక్కన దేవుడి కొండో, పూజ చేసే చెట్టో ఉంటే వాళ్లే చెబుతారు. బోన్లు పోవడం, పశువులు తొక్కడం కూడా అప్పుడు తగ్గుతుంది. దారి చూపించేవాళ్లకి రోజు కూలి ముందే మాట్లాడుకుని ఏ రోజుకారోజు ఇవ్వండి. ఏ ఎలుక ఏ రాతి కింద ఉంటుందో మీ గైడు పుస్తకం కంటే వాళ్లకి బాగా తెలుసు. కొన్నిచోట్ల ఎలుక కూర తిండే. సుంకరమెట్ట దగ్గర ఒక పెద్దావిడ బరువు తూచడమంతా ఓపిగ్గా చూసి, “పట్టిన ఎలకని మళ్లీ ఒగ్గేత్తారేటి బాబూ, మీకు మతుందా?” అంది. ఆ ప్రశ్నకి నవ్వి ఊరుకోకుండా కూర్చుని జవాబు చెప్పగలగాలి.

ఇదంతా ఎందుకు, కెమెరా ట్రాప్ పెడితే పోదా?

పెద్ద ఉడుత, ముంగిస, పునుగు పిల్లి అయితే పోతుంది. చిట్టెలుకల్లో ఏది ఏదో చెప్పడానికి వెనక పాదం, పళ్లు, బొచ్చు చూడాలి, రాత్రి తీసిన నలుపు తెలుపు ఫోటోలో అవి కనిపించవు. పర్మిషన్ రానివాళ్లకి మాత్రం ఒక మంచి దారి ఉంది. పాడుపడిన బంగళాల్లో గుడ్లగూబలు కూర్చునే చోట కింద అవి కక్కిన ఉండలు పడి ఉంటాయి. ముందు వేడి చేసి క్రిములు చంపి, నీళ్లలో నానబెట్టి పట్టకారుతో విడదీస్తే లోపల ఎలుకల, చుంచుల పుర్రెలు చెక్కుచెదరకుండా దొరుకుతాయి. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకి అది చాలు. ఆ స్థలం ఎవరిదో వాళ్లని అడిగి, గూట్లో పిల్లలు లేనప్పుడు వెళ్లండి.

బోనులో చచ్చిపోయి కనిపిస్తే పారేయాలా?

వద్దు. బోను నంబరు, తేదీ, కారణం ఏమై ఉంటుందో రాసి, పర్మిషన్‌లో నమూనాలకి వీలుంటే ఆల్కహాల్‌లో వేసి పెన్సిల్‌తో రాసిన లేబుల్ లోపలే పెట్టండి. పెన్ను సిరా కరిగిపోతుంది. ఒకే రాత్రి రెండు చనిపోతే ఆ రోజుకి బోన్లన్నీ మూసేసి, దూది తక్కువైందా, ఆలస్యంగా చూశారా అన్నది తేలాకే మళ్లీ తెరవండి.

పనయ్యాక బోన్లు ఎలా దాచాలి?

పాత ఎర గీకేసి, పలచటి బ్లీచింగ్ నీళ్లలో కాసేపు ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టండి. వాసన సబ్బులు, ఫినాయిల్ వద్దు, ఆ వాసనకి తర్వాతి ట్రిప్పులో ఎలుక దగ్గరికి రాదు. విశాఖ ఉప్పుగాలికి అల్యూమినియం తట్టుకుంటుంది గానీ స్ప్రింగులు, ఇనుప పిన్నులు తుప్పు పడతాయి. బీచ్ రోడ్డు వైపు ఇల్లున్నవాళ్లు బోన్లని బాల్కనీలో ఉంచకండి. తలుపుల్ని కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తర్వాతి ట్రిప్పుకి వారం ముందు ఒక్కోదాన్నీ విప్పి పలక మీద ఒక రూపాయి బిళ్లలు నాలుగైదు వేసి తలుపు పడుతుందో లేదో చూసుకోండి.